నరం అనే మాట

మాణిక్యవరప్రసాద్ అనే మనిషి మీద నాకు కోపం. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, నా షాపు మీదికి రాలేదు. ఒక కాగితం మీద ఒక మాట రాశాడు, అంతే. రెండక్షరాల మాట. ఆ మాటతో నా భార్య చేతులు పోయాయి. పోయాయంటే తెగిపోలేదు. ఉన్నాయి. జడ వేసుకుంటుంది, అన్నం కలుపుకుంటుంది. ఆ అన్నం వేడిగా ఉందో చల్లారిందో మాత్రం కలిపే వేళ్ళకు తెలియదు.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇంత పెద్ద విషయం రాయడానికి వీడెవడు అని ఎవరైనా అంటే అననీ. బాగా చదువుకున్నవాళ్ళు రాసిన కాగితం ఏం చేసిందో చూశాను కాబట్టి రాస్తున్నాను.

నా పేరు నేలటూరి ప్రకాశం. పెదగంజిపాలెం పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా నాది వెల్డింగ్ షాపు. మంచాలు, స్ట్రెచర్లు, సెలైన్ స్టాండ్లు, ఏది విరిగినా నా దగ్గరికే వస్తాయి. నా భార్య సలోమి అదే ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. ఇరవై రెండేళ్ళ సర్వీసు.

పసిపిల్లలకు సెలైన్ పెట్టడం ఎంత కష్టమో ఆ వార్డు బయట నిలబడ్డవాళ్ళకు తెలుస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్ళన్నీ పోయిన బిడ్డకు నరం కనబడదు. ఇద్దరు ముగ్గురు గుచ్చుతారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, తల్లి గోడకు తిరిగి ఏడుస్తుంది. "నరం దొరకట్లేదు, సలోమి సిస్టర్ని పిలవండి" అనే కేక నా షాపు దాకా వినబడేది.

సలోమి వచ్చి తొందరపడేది కాదు. బిడ్డ అరచేతిని బొటనవేలితో ఒకసారి రాసేది. తర్వాత మధ్యవేలితో రెండుసార్లు తట్టేది. కళ్ళు మాత్రం చేతి మీద ఉండవు. తల్లి ముఖంలోకి చూస్తూ "ఏ ఊరమ్మా మీది, బస్సు దొరికిందా" అని అడిగేది. ఆ తల్లి జవాబు చెప్పేలోపు సూది లోపల ఉండేది. ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటే పనిలో కలవకుండా పైకి లేచి ఉండేది. పెళ్ళైన కొత్తలో అన్నం క్యారియర్ తెచ్చి, నేను అప్పుడే అతికించి పక్కన పెట్టిన కమ్మీ మీద చెయ్యి ఆనించింది. ఆ వేలు కాలి వంకరపోయింది. "నా హస్తవాసి సగం నీ షాపులోదేనయ్యా" అని ఎగతాళి చేసేది.

రెండేళ్ళ కిందట అసెంబ్లీలో నర్సింగ్ విద్య, నర్సుల సేవల బలోపేత చట్టం వచ్చింది. పేపర్లో చూసి సలోమి సంతోషపడింది. నేనూ పడ్డాను. ఉన్నమాట చెప్పాలి, చెడు తలపెట్టి చేసిన చట్టం కాదు. నర్సింగ్ చదివే పిల్లలకు నెలనెలా స్టైపెండ్ అన్నారు. ఖాళీలన్నీ నింపుతామన్నారు. ఇంతమంది రోగులకు ఇంతమంది నర్సులు ఉండి తీరాలని రాశారు. సలోమి వార్డులో అప్పుడు నలభై మంది పిల్లలకు ఇద్దరు. మా అమ్మాయి కెజియా నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉంది. తల్లీకూతుళ్ళు ఆ పేపరు ముక్క కత్తిరించి అద్దానికి అతికించారు.

సీట్లు రెట్టింపు చేశారు. చెప్పేవాళ్ళు లేరు. కెజియా కాలేజీలో తనిఖీ వచ్చిన రోజు మాత్రమే కనబడే మేడమ్‌లు ఉండేవాళ్ళు. తనిఖీ అయిపోగానే అదే కారులో ఇంకో కాలేజీ తనిఖీకి పోయేవాళ్ళు. దానికి మందుగా చట్టంలో పద్నాలుగో సెక్షన్ పెట్టారు. అనుభవం ఉన్న నర్సు చేతి నైపుణ్యాన్ని యంత్రంతో సేకరించవచ్చును, ఆ యంత్రాన్ని బోధకురాలిగా పరిగణించవచ్చును అని. ఎవరు రాశారో గానీ, ఆ "పరిగణించవచ్చును" కోసం కాలేజీల యజమానులు కాచుకొని ఉన్నారు.

యంత్రమంటే ఒక జత గ్లౌజులు. వ్యాక్సిన్లు తెచ్చే థర్మాకోల్ పెట్టెలో పెట్టుకొని డాక్టర్ హిమజ అనే ఆమె రాజధాని నుంచి వచ్చింది. వాటిని కనిపెట్టింది ఆమే. ముప్పై అయిదేళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి, వార్డు ఆయాలను కూడా మీరు అని పిలిచేది. ఆమె వెంట చట్టం అమలు ఆఫీసు నుంచి వచ్చినవాడు మాణిక్యవరప్రసాద్. కాగితాలను తెలుగులోకి మార్చడం ఆయన పని. ఈ చట్టం కింద సంతకాలు చేయించే ప్రతి కాగితం తెలుగులోనే ఉండాలని ఉత్తర్వు. వరండాలో స్టూలు మీద కూర్చొని, ఒళ్ళో అట్ట చిరిగిన నిఘంటువు పెట్టుకొని రాస్తుండేవాడు. దారిన పోతున్న నన్ను ఆపి ఒక మాట అడిగాడు. నేను జవాబు చెప్పాను. అది తర్వాత చెబుతాను.

యంత్రం స్టాండు చక్రం ఊడితే అతికించడానికి నన్ను లోపలికి రానిచ్చారు. అందుకే మొదటిసారి ఏం జరిగిందో కళ్ళారా చూశాను. గ్లౌజు పల్చటిది, లోపల జిగురు పూత. వేళ్ళ కొసల దగ్గర వెంట్రుకల్లాంటి తీగలు. మోచేతి దాకా ఒక పట్టీ. పట్టీ చెయ్యి కదిలే తీరు చూస్తుందట, తీగలు వేళ్ళకు ఏం తెలుస్తుందో వింటాయట.

"ఊరికే వింటే వేళ్ళు చెప్పవు సిస్టర్. కొంచెం కరెంటుతో గిల్లాలి. గిల్లి, జవాబు వినాలి. చీమ కుట్టినట్టు ఉంటుంది" అంది హిమజ.

"నా వేళ్ళు పెద్దగా మాట్లాడవు డాక్టరమ్మా. నాకు నోరే ఎక్కువ" అంది సలోమి.

అందరూ నవ్వారు. సలోమి ఆ గ్లౌజులతోనే ఆ రోజు వార్డులో పదకొండు మంది పిల్లలకు సెలైన్ పెట్టింది. తర్వాత హిమజ వాటిని కాసేపు యంత్రంలో పెట్టి తీసి, మొదటి సంవత్సరం పిల్ల ఒకత్తెకు తొడిగింది. అంతకుముందు వారం అరటికాయకు కూడా సూది సరిగ్గా గుచ్చలేకపోయిన పిల్ల. ఆ పిల్ల వేలికి తగిలింది సలోమి వేలికి తగిలినట్టుగా మార్చి చెబుతుంది గ్లౌజు, చెయ్యిని కూడా ఆమెలాగే కదిలిస్తుంది. ఆ పిల్ల బిడ్డ అరచేతిని బొటనవేలితో రాసింది. రెండుసార్లు తట్టింది. "ఇక్కడుంది మేడమ్! దారంలా జారుతోంది!" అని అరిచింది. సూది ఒక్కసారికే పోయింది.

నేను చూసింది ఆ పిల్ల ఎడమచేతి చిటికెనవేలు. అది పైకి లేచి ఉంది.

"అదొక్కటి తీసెయ్యండి డాక్టరమ్మా. అది మా ఆయన చేసిన డ్యామేజీ" అంది సలోమి.

"విడదీయలేం సిస్టర్. వస్తే మొత్తం వస్తుంది" అంది హిమజ.

ఇక సంతకం. అంగీకార పత్రం నా చేతికిచ్చి సలోమి చెయ్యి కడుక్కోవడానికి పోయింది. "చదవయ్యా, వింటుంటాను" అంది. నేను కూడబలుక్కొని చదివాను. నా రెండు చేతులతో నరాల ముద్ర సేకరించుటకును, అందువలన నరాలకు కలుగగల మార్పులకును సమ్మతించుచున్నాను.

"నరాలకు మార్పులేంది?" అంది కుళాయి దగ్గర్నుంచి.

"సూది గుచ్చితే నరం ఉబ్బదా? అదే అయ్యుంటది."

"ఓహో. పిల్లల నరాలు ఉబ్బితే వాళ్ళ మీదికి కేసు రాకుండా ముందే మనతో రాయించుకుంటున్నారన్నమాట. తెలివైనోళ్ళే" అని నవ్వి, తడిచెయ్యి చీరకు తుడుచుకొని సంతకం పెట్టింది. చదివి వినిపించినవాడు అని ఉన్న చోట నేను పెట్టాను. నా సంతకంలో 'ప్ర' ఎప్పుడూ వంకరగా వస్తుంది. ఆ రోజు చక్కగా వచ్చింది.

ఆరు నెలల్లో అరవై ఒక్క కాలేజీలకు ఆ గ్లౌజులు పోయాయి. కాలేజీ గోడ మీద ట్యూటర్ల జాబితా ఉంటుంది కదా, అందులో గ్లౌజు జతకొక వరస. కెజియా వాళ్ళ కాలేజీ జాబితాలో ఎనిమిది పేర్లుంటే అందులో ఆరు 'ఎన్. సలోమి, యంత్ర బోధకురాలు' అని ఉన్నాయి. కెజియా ఫోటో తీసి చూపిస్తే సలోమి పొట్ట పట్టుకొని నవ్వింది.

"మొన్న సెలవడిగితే మనిషి లేదన్నారు సూపరింటెండెంటు గారు. ఇదిగో, ఒక్క కాలేజీలోనే ఆరుగురం ఉన్నాం" అంది.

ఒక్క ఇబ్బంది ఉంది. గ్లౌజు లోపలి జిగురు నలభై రోజులకు ఆరిపోతుంది. దాంతో ముద్ర పోతుంది. ఒకసారి తీసింది ఎన్ని జతలకైనా ఎక్కుతుంది గానీ దాచిపెట్టడం కుదరదట, మళ్ళీ కొత్త ముద్ర కావాలి. మిగతా జిల్లాల్లో కొందరి చేతులు తీసి చూశారు గానీ, పసిపిల్లల నరం పట్టడంలో ఎవరిదీ సలోమిది వచ్చినంత తేటగా రాలేదట. కాబట్టి నలభై రోజులకొకసారి కబురు వచ్చేది. సలోమి పోయేది. "నాకేం పోయింది, కూర్చోబెట్టి టీ ఇస్తారు" అనేది. అట్లా తొమ్మిదిసార్లు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక సలోమి గంజి వారుస్తోంది. మూత అంచున వేళ్ళు పెట్టి గిన్నె వంచి, పాస్టరుగారు ఆ రోజు ప్రసంగంలో ఏం మరిచిపోయారో నాకు చెబుతోంది. ఉడుకుడుకు గంజి ఆమె వేళ్ళ మీదుగా కారుతోంది. ఆమె చెబుతూనే ఉంది.

నేను కేకపెట్టి గిన్నె లాక్కున్నాను. వేళ్ళు ఎర్రగా పొంగిపోయాయి. ఆమె వాటిని ఇటూ అటూ తిప్పి చూసుకొని, "అవునే" అంది, ఎవరి చేతినో చూసినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మూడోసారి తీసినప్పటి నుంచి. తిమ్మిరెక్కినట్టుంటది. పోద్దిలే అనుకున్నా."

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే కమ్మీ పట్టుకొని ఆఫీసు మీదికి పోతావని."

"మరి వార్డులో నరం ఎట్టా పట్టుకుంటున్నావ్?"

ఆమె వేళ్ళకు నేను పూస్తున్న వెన్న వైపు చూసింది. "కళ్ళతో" అంది. "కనబడే నరాలు కళ్ళతో పడుతున్నా. కనబడనివి గ్లౌజు పిల్లలకిస్తున్నా. ఎవరికీ చెప్పమాక. కెజియా ముఖం ఎట్టా చూడాలి, దాని పరీక్షలయ్యేదాకా ఆగు."

నేను ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

వారం తిరక్కుండానే కెజియాకు తల్లి వార్డులోనే డ్యూటీ పడింది. ఆ రోజు నేను అతికించిన స్టాండు తీసుకొని వార్డులోకి పోయేసరికి సలోమి ఒక మంచం దగ్గర వంగి ఉంది. ఎనిమిది నెలల బిడ్డ. కళ్ళు లోపలికి పోయాయి, నోరు తెరిస్తే ఏడుపు రావడం లేదు. తల్లి రేవు వైపు నుంచి వచ్చిన మనిషి, చీర ఇంకా చేపల వాసనే.

సలోమి బిడ్డ చేతిని బొటనవేలితో రాసింది. రెండుసార్లు తట్టింది. మళ్ళీ తట్టింది. ఇంకో చెయ్యి తీసుకుంది. కాలు తీసుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె కళ్ళు చేతి మీద ఉండగా సూది పట్టడం నేను చూడలేదు. ఇప్పుడు కళ్ళు ఆ చేతి మీదే అతుక్కొని ఉన్నాయి. తల్లిని ఏ ఊరని అడగలేదు. ఒకసారి గుచ్చింది. రాలేదు. రెండోసారి గుచ్చింది.

"నీక్కూడా దొరకదా సిస్టరమ్మా?" అంది ఆ తల్లి. "నీ పేరు చెప్పుకొనే వచ్చామే."

సలోమి నిటారుగా లేచింది. "కెజియా, గ్లౌజు తొడుక్కో" అంది.

కెజియా పరుగున వచ్చింది. బొటనవేలితో రాసింది. రెండుసార్లు తట్టింది. చిటికెనవేలు లేచింది. సూది పోయింది, సెలైన్ చుక్క పడింది. ఆ తల్లి కెజియా గడ్డం పుచ్చుకొని, "నీ చెయ్యి చల్లగుండాలమ్మా" అంది. కెజియా ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, చూశావా! అచ్చం నీలాగే!"

"నాలాగా కాదే. నేనే" అంది సలోమి. అని దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ గది తలుపు గడియ సరిగ్గా పడదు. బాగుచెయ్యమని నాకు ఏడాదిగా చెబుతున్నారు. ఆ సందులోంచి చూశాను. మడతపెట్టిన దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తోంది, బరుకుగా ఉందో మెత్తగా ఉందో తెలుసుకుందామని.

పదోసారి ముద్ర తీసే రోజు నేను కూడా పోయాను. హిమజ గ్లౌజు తొడిగింది. యంత్రం తెర మీద ప్రతిసారీ గీతలు ఎగిరేవట. ఈసారి చదునుగా పోతున్నాయి. ఆమె తీగలు మార్చింది. కరెంటు కొంచెం పెంచింది. ఇంకొంచెం పెంచింది.

"చీమ కుడుతోందా సిస్టర్?"

"లేదమ్మా."

"ఇప్పుడు?"

"లేదు. నువ్వు ఏడవమాక డాక్టరమ్మా, ఏదో తీగ పోయుంటది" అంది సలోమి. ఎవరి చేతులు పోతే ఎవరు ఓదారుస్తున్నారో చూడండి.

నేను అడిగాను, ఏం జరిగిందని. హిమజ తలెత్తకుండా చెప్పింది. కరెంటుతో గిల్లినప్పుడల్లా వేలి కొసల్లో నరాలు కొన్ని కాలిపోతాయి. మళ్ళీ రావడానికి మూడు నెలలన్నా ఎడం కావాలి. ఎడం ఉండాలని ఆమె రాసింది. నలభై రోజులకు ముద్ర ఆరిపోతే కాలేజీలు మూతపడతాయని పైవాళ్ళు కొట్టేశారు. "అయినా నరాలకు మార్పు వస్తుందని పత్రంలో ఉంది కదా ప్రకాశం గారూ. మీరే చదివి వినిపించారు."

"నరాలంటే పిల్లల నరాలు కదమ్మా. సూది గుచ్చేవి."

"వాటిని సిరలంటారు."

"ఎవరంటారు?"

ఆమె నా వైపు చూసింది. తర్వాత సలోమి వైపు చూసింది. "సిస్టర్, మీరు కూడా అదే అనుకున్నారా?" అంది. సలోమి తలూపింది. హిమజ గ్లౌజు తియ్యడం మరిచిపోయి అలాగే ఆమె చెయ్యి పట్టుకొని నిలబడిపోయింది.

చట్టంలోనే పరిహార కమిటీ ఒకటి ఉంది. అర్జీ పెట్టాం. నాలుగు నెలలకు పిలిచారు. పెద్ద హాలు, బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, రిటైరైన పెద్ద అధికారిణి. మాణిక్యవరప్రసాద్‌ను కూడా పిలిపించారు. ఆయన కూడా అప్పటికి రిటైరయ్యాడు, బక్కచిక్కిపోయాడు. నేను ఇంటి దగ్గర్నుంచి మాటలు కూడబెట్టుకొని పోయాను. నాలుగు జిల్లాలకు వినబడేట్టు అడుగుదామనుకున్నాను, నరం అంటే ఏందో తెలియనివాడివి చట్టం ఎట్టా రాశావయ్యా అని.

అడిగాను కూడా. ఆయన ఎదురు చెప్పలేదు. ఫైలు తెరిచి ఒక కాగితం తీసి చదివాడు. మొదట 'నాడుల ముద్ర' అని రాసుకున్నానని, నాడి అంటే జనం వేరే అనుకుంటారేమోనని సందేహం వచ్చిందని, అందుకని ఊళ్ళో ఒకరిని అడిగానని. కింద రాసుకున్న మాట కూడా చదివాడు. "స్థానికుల సంప్రదింపు: నేలటూరి ప్రకాశం, వెల్డింగ్ షాపు. 'నరం' అనే మాట అందరికీ తెలుసునని, అదే ఉంచవలసినదని సూచించారు."

వరండాలో ఆ రోజు ఆయన అడిగింది ఇదీ.

"ఏమండీ, నాడి అంటే మీకేం అర్థమవుతుంది?"

"చెయ్యి పట్టుకొని చూసేది సార్. టక్ టక్ కొట్టుకుంటదే, అది."

"మరి నరం అంటే తెలుసా?"

"నరం తెలియందెవరికి సార్? బిడ్డల తల్లులందరికీ తెలుసు. ఆ ముక్కే రాయండి."

ఆయన నాకు థాంక్స్ చెప్పి పేరు రాసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరు నన్నొక మాట అడిగి రాసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి సలోమికి చెప్పాను, చట్టంలో నా మాట పెట్టారే అని. ఆమె కూడా ఆ వారమంతా అందరికీ చెప్పుకుంది.

హాల్లో మాణిక్యవరప్రసాద్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. తెలుసా అని అడిగాను. ఏం తెలుసు అని అడగలేదు" అన్నాడు సలోమి వైపు తిరిగి. ఆ మాట మాత్రం కమిటీ రాసుకోలేదు. పక్కన టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఆగిపోవడం నేను చూశాను.

అధ్యక్షురాలు తీర్పు చదివింది. పదం స్థానికంగా అందరికీ తెలిసినదేనని అర్జీదారు భర్తే చెప్పినందున అంగీకారం చెల్లుతుంది. అయినా మానవతా దృక్పథంతో, స్పర్శ కోల్పోయిన మేర కొలిపించి, దాన్ని బట్టి ఏదో ఒకటి ఇవ్వవచ్చును. చివర్న ఓదార్పుగా అంది, "మీ నైపుణ్యం ఎక్కడికీ పోలేదమ్మా. అరవై ఒక్క కాలేజీల్లో ఉంది."

"నలభై రోజులుంటది మేడమ్. అందులో ముప్పై అయిపోయినయ్" అంది సలోమి. పదోసారి ముద్ర రాకపోయినా, పాత గ్లౌజులకే నలభై రోజులకొకసారి ఏదో కొత్త పూత వేస్తూ సాగదీశారు, ఇదే చివరి పూత. ఆ లెక్క ఆమెకు బాగా తెలుసు.

అందుకే నాకు మాణిక్యవరప్రసాద్ మీద కోపం. ఆయన మీద పెట్టుకోకపోతే ఆ కోపాన్ని ఇంట్లోనే పెట్టుకోవాలి, అద్దంలో చూసుకున్నప్పుడల్లా.

గ్లౌజులు ఆరిపోయాక కెజియా వార్డులో వట్టి చేతులతో నిలబడింది. ఏ బిడ్డకూ నరం దొరకలేదు. ఆ ఒక్క పిల్లకే కాదు, ఆ బ్యాచి మొత్తానికీ అంతే. పట్టుకున్నది వాళ్ళ వేళ్ళు అయితే కదా గుర్తుండడానికి. కాలేజీ జాబితాలో ఆ ఆరు వరసలూ ఇంకా అట్లాగే ఉన్నాయి. చట్టం ప్రకారం అక్కడ ట్యూటర్ల కొరత లేదు.

ఇప్పుడు సాయంత్రాలు తల్లీకూతుళ్ళు వసారాలో కూర్చుంటారు. కెజియా నా మోచేతి మడతలో వేలు పెట్టి కళ్ళు మూసుకుంటుంది. సలోమి మాటలతో చెప్పాలి. అదే పెద్ద చిక్కు. ఇరవై రెండేళ్ళు వేళ్ళు చేసిన పనికి ఆమె దగ్గర మాటలు లేవు.

"లంగా పట్టీ లోపల బొందు ఉంటదే, పైనుంచి తడిమితే ఎట్టుంటదీ, అట్టా."

"ఇదా అమ్మా?"

"గట్టిగా ఉందా, ఒత్తితే లేస్తోందా?"

"గట్టిగా ఉంది."

"అది నరం కాదే, కండ." అని తన వేళ్ళ వైపు చూసుకొని, "అయ్యుంటది. నాకేం తెలుసు, నీ వేలికి కదా తెలియాల్సింది" అంటుంది.

కొలిచే రోజు జిల్లా కేంద్రానికి పోయాం. కుర్ర డాక్టరు సలోమిని కళ్ళు మూసుకోమన్నాడు. నైలాన్ దారం ముక్కతో ఒక్కొక్కచోట ముట్టుకుంటూ, తెలిస్తే చెప్పమన్నాడు. తెలియని చోటల్లా నీలం పెన్నుతో చుక్క. చుక్కలన్నీ కలిపి గీత. బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు, మధ్యవేళ్ళు, ఉంగరపువేళ్ళు, కుడి చిటికెనవేలు, కుడి అరచేతిలో పైభాగం. తర్వాత ఆ గీతను పల్చటి కాగితం మీదికి ఎక్కించి, గళ్ళ కాగితం మీద పరిచాడు.

"హద్దు రాళ్ళు కూడా పాతండి డాక్టరుగారూ, రేపు పక్కోళ్ళు జరుపుకుంటారు" అంది సలోమి కళ్ళు మూసుకొనే. ఆ కుర్రాడు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు.

ఎడమచేతి చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి ఆమె "ఆఁ, తెలుస్తోంది" అంది. మళ్ళీ ముట్టుకున్నాడు. "తెలుస్తోంది" అంది. గ్లౌజులో కూడా ఆ వంకరవేలు పైకే లేచి ఉండేది. దాని కొసకు తీగ ఎప్పుడూ సరిగ్గా తగల్లేదట. నేను కాల్చిన వేలు అదొక్కటీ మిగిలింది. ఇప్పుడు ఇంట్లో నీళ్ళు కాగాయో లేదో ఆ వేలితోనే చూస్తుంది.

డాక్టరు గళ్ళు లెక్కపెట్టాడు. నేనూ పక్కన నిలబడి లెక్కపెట్టాను. రేకు కొలవడం నా పనే కాబట్టి నాకు తప్పు పోదు. ఇద్దరికీ ఒకటే వచ్చింది. మా రెండు వైపులా ఎవరికీ భూమి లేదు. నాకు అత్తవారిచ్చినదీ లేదు, నేను కొన్నదీ లేదు. సలోమికి ఉన్నదంతా ఆ చేతుల్లోనే ఉంది. అందులో పోయింది ఇంత: కుడిచేతిలో ముప్పై ఒకటి, ఎడమచేతిలో పంతొమ్మిదిన్నర. మొత్తం యాభైన్నర చదరపు సెంటీమీటర్లు.